పుట్టగొడుగుల మైత్రీ దినం

తూర్పు జర్మనీలోని మా ఊళ్లో సోవియట్ సైనికులను ఎవరూ సైనికులు అనేవాళ్లు కాదు. ‘మిత్రులు’ అనేవాళ్లు. “ఇవాళ మిత్రుల ట్యాంకులు పోతాయట, కిటికీలు వేసుకోండి” అనీ, “మిత్రుల కొట్లోకి చేప వచ్చిందట, పద” అనీ చెప్పుకునేవాళ్లం. ఊరికి తూర్పున, అడవి మొదలయ్యే చోట వాళ్ల గోడ ఉండేది. రెండు నిలువుల ఎత్తు, ఆకుపచ్చ రంగు. గోడకు అవతల ఎంతమంది ఉండేవాళ్లో మాకెవరూ చెప్పలేదు. మా రోడెనావ్ జనం కంటే వాళ్లే ఎక్కువని మేం అనుకునేవాళ్లం.

మా మేజోళ్ల ఫ్యాక్టరీలో అందరం మైత్రీ సంఘం సభ్యులమే. చేరకపోతే ఎందుకు చేరలేదని అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం కంటే చేరడం సులువు. నెలనెలా ఒక చందా స్టాంపు కొని చిన్న పుస్తకంలో అతికించుకుంటే ఆ నెలకు సోవియట్ ప్రజలతో మన స్నేహం పూర్తయినట్టే. గెర్లిండ ఒక్కతే దాన్ని నిజమనుకుంది.

గెర్లిండది నా పక్క మిషను. నలభై ఆరేళ్ల మనిషి, పొడగరి, నవ్విందంటే మిషన్ల రొదలో కూడా వినిపించేది. భర్త ఫోల్క్‌మార్‌కు రైల్వే గూడ్సు యార్డులో పని. కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంది. మైత్రీ సంఘం వాళ్లు సాయంత్రాలు రష్యన్ నేర్పిస్తామంటే మా విభాగంలో సగం మంది పేర్లిచ్చాం. మంచు కరిగేసరికి ఆ గదిలో పంతులుగారూ గెర్లిండా మాత్రమే మిగిలారు. అలా ఆవిడ మా ఫ్యాక్టరీ శాఖకు అధ్యక్షురాలైంది.

డెబ్బై ఆరో సంవత్సరం మహిళా దినోత్సవానికి మా క్యాంటీన్‌కు ఆఫీసర్ల భార్యలు వచ్చారు. వాళ్లను బస్సులో ఒక మేజర్ వెంటబెట్టుకొచ్చాడు. మా వైపు నుంచి మైత్రీ సంఘం జిల్లా కార్యదర్శి టాయ్‌బ్నర్ వచ్చాడు. మెత్తటి చేతులు, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు. మాలో ఒకరు, వాళ్లలో ఒకరు, మాలో ఒకరు, వాళ్లలో ఒకరు చొప్పున పూసలు గుచ్చినట్టు మమ్మల్ని కూర్చోబెట్టాడు. మేజర్ మాట్లాడాడు. టాయ్‌బ్నర్ మాట్లాడాడు. నా పక్కనున్న ఆవిడా నేనూ ఒకరినొకరం చూసుకుని నవ్వి, మళ్లీ చూసుకుని నవ్వి, ఇంక చేసేదేమీ లేక గోడ మీది చిత్రపటాలు చూస్తూ కూర్చున్నాం.

నాకు ఎదురుగా గెర్లిండ. ఆమె పక్కన నీలం గౌనులో పొట్టి మనిషి, బుగ్గల నిండా మచ్చలు, ఒక బంగారు పన్ను. పేరు రిమ్మా. ఉపన్యాసాలు అయ్యాక తిండి మొదలైంది. బల్ల మీద గెర్లిండ ఇంటి నుంచి తెచ్చిన పుట్టగొడుగుల ఊరగాయ సీసా ఉంది. పసుపుపచ్చగా, గొట్టాల్లా ఉండే రకం. రిమ్మా ఒకటి తీసి నమిలింది. తల ఊపింది. మరొకటి తీసి నమిలింది.

“మీరు పెట్టిందేనా?” అని రష్యన్‌లో అడిగింది. ఆ మాటలు గెర్లిండ తర్వాత నాకు ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది.

“నేనే పెట్టాను. బాగాలేదా?”

“బాగుంది. పళ్లూడిన ముసలమ్మకు పెట్టొచ్చు.”

గెర్లిండ ముందు బిత్తరపోయింది. తర్వాత పకపకా నవ్వింది. మేజర్ ఇటు తిరిగి చూశాడు.

“మరి మీరేం తింటారో?”

రిమ్మా రెండు అరచేతులూ విప్పి చూపించింది. తెల్లగా, వెడల్పుగా, గరిటెలా లోపలికి గుంటపడి, విరిస్తే పాలు కారే రకం పుట్టగొడుగు.

“అమ్మో! అది విషం.”

“విషం కాదు, చేదు. నీళ్లలో వేసి, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. తర్వాత ఉప్పు వేసి, పైన రాయి బరువు పెట్టాలి. మీ జర్మన్లు వాటిని కాళ్లతో తన్నుకుంటూ పోతారు. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.”

“తింటే చస్తారమ్మా!”

“మా అమ్మమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తింది. నిమోనియా వచ్చి పోయింది.”

అలా వాళ్లిద్దరూ ఆ మధ్యాహ్నమంతా పోట్లాడుకున్నారు. మిగతా మేమందరం మర్యాదగా నవ్వుకుంటూ కేకులు తింటుంటే, ఆ హాలు మొత్తానికి మాట్లాడుకున్నది వాళ్లిద్దరే. చివర్లో చెర్రీ సారా తిరిగింది. ఇద్దరూ మోచేతులు పెనవేసుకుని గ్లాసులు ఖాళీ చేసి ‘మీరు’ మానేసి ‘నువ్వు’ అనుకున్నారు. అది మా దగ్గరా, వాళ్ల దగ్గరా ఉన్న పద్ధతే.

“శరదృతువు రానీ. నువ్వు నాతో అడవికి రా, నీకే చూపిస్తా. మాది మూడో బ్లాకు, రెండో అంతస్తు. కిటికీలో ఎర్ర పూల కుండీలుంటాయి,” అంది రిమ్మా.

టాయ్‌బ్నర్ పరుగున వచ్చి ఫోటో తీయించాడు. ఆ ఫోటో మా గోడపత్రికలో చాలాకాలం ఉంది.

తర్వాత వాళ్లిద్దరూ కలుసుకున్నది మిత్రుల కొట్లోనే. ఆ కొట్టు తలుపు వీధి వైపు ఉండేది కాబట్టి మేమూ వెళ్లొచ్చు. మిఠాయిలకీ, పొగపెట్టిన చేపకీ వరసలో నిలబడేవాళ్లం. ఆఫీసర్ల భార్యలు ఒంటరిగా బయటకు రాకూడదట, రిమ్మా పక్కన ఎప్పుడూ ఇంకొకావిడ ఉండేది. ఆ రెండో ఆవిడ బట్టల వైపు తిరిగినప్పుడు రిమ్మా గబగబా నాలుగు మాటలు చెప్పేది. కొడుకుకు పన్ను నొప్పి, భర్త గెన్నాది సైనిక విన్యాసాల్లో ఉన్నాడు, మీ జర్మన్ పిండితో రొట్టె పొంగదు. గెర్లిండ ఆ నాలుగు మాటలు మోసుకొచ్చి వారమంతా నాకు చెప్పేది.

“మనిషిని చూశావా జిగ్రూన్? పిండి బాగోలేదని మొహం మీదే చెప్పింది. ఇరవై ఏళ్ల నుంచీ ఒక్క రష్యావాడు కూడా నాతో ఏదీ బాగోలేదని అనలేదు.”

మే నెలలో ఆవిడ టాయ్‌బ్నర్ ఆఫీసుకు వెళ్లింది. నన్ను కూడా లాక్కుపోయింది.

“ఆదివారం కాఫీకి పిలుద్దామనుకుంటున్నాను,” అంది.

“చాలా సంతోషం, ఫ్రౌ మాట్హెస్!” అన్నాడు, ఆఫీసు మర్యాదతో గెర్లిండను ఇంటిపేరుతో పిలుస్తూ. “ఎంతమందిని?”

“రిమ్మాని.”

“అంటే ఒక...?”

“ఒక్క రిమ్మాని.”

టాయ్‌బ్నర్ పెన్ను కింద పెట్టాడు. “ఒక్కరంటే... అది కార్యక్రమం అవదు కదండీ.”

“అవదు. అది కాఫీ.”

“చూడండి, మన మైత్రి రెండు దేశాల ప్రజల మధ్య ఉండేది. వంటింట్లో ఉండేది కాదు.”

“మరెక్కడ ఉంటుంది?”

“ప్రణాళికలో,” అన్నాడాయన. వెటకారంగా కాదు, నిజాయితీగానే అన్నాడు. “ప్రణాళికలో పెట్టండి, నేను అటువైపు వాళ్లకు పంపిస్తాను. వాళ్లు ఒప్పుకుంటే మనకేం అభ్యంతరం?”

బయటికొచ్చాక గెర్లిండ మెట్ల మీదే ఆగిపోయింది. “మా ఇంట్లో నేను కాఫీ పోయడానికి మాస్కో ఒప్పుకోవాలా?” అంది.

“మెల్లగా అను,” అన్నాను.

“ఎందుకు మెల్లగా? స్నేహం చేస్తానంటున్నాను, బాంబు పెడతాననట్లేదు!”

అయినా ఆమె వదల్లేదు. కాఫీ కుదరకపోతే అడవి. శరదృతువులో పుట్టగొడుగులకు వెళ్లడం అని ప్రణాళికలో రాసిచ్చింది. ఈసారి టాయ్‌బ్నర్ మొహం వెలిగిపోయింది. రెండు వారాల తర్వాత ఆ కాగితం తిరిగొచ్చింది. గెర్లిండ రాసిన ఒక్క వాక్యం రెండు పేజీలై వచ్చింది. పేరు ‘పుట్టగొడుగుల మైత్రీ దినం’. బస్సులు, సైనిక వాద్యబృందం, తోరణం, ఇరుపక్షాల ఉపన్యాసాలు, ప్రకృతి సంరక్షణ మీద ఒక ప్రసంగం. మా బ్రిగేడు, అంటే మా పనిజట్టు, మొత్తం రావాలి. పక్కనున్న బల్బుల ఫ్యాక్టరీ నుంచి కూడా వస్తారు.

“ఇంతమంది నడిస్తే పుట్టగొడుగు ఎక్కడ మిగులుతుంది?” అంది గెర్లిండ.

“పోనీలే,” అన్నాను. “రిమ్మా వస్తుంది. అందరూ ఉపన్యాసం వింటుంటే మీరిద్దరూ చెట్ల చాటుకు పోండి.”

ఆ మాటతో ఆమెకు ఊపిరి వచ్చింది. వేసవంతా ఆ రోజు కోసమే బతికినట్టు బతికింది. రష్యన్‌లో పుట్టగొడుగుల పేర్లన్నీ బట్టీపట్టింది. పాలు కారే ఆ తెల్లరకం ఒకటి తెచ్చి ఫోల్క్‌మార్‌కు పెడతానంటే, ఆయన “ముందు నా జీవిత బీమా కాగితాలు ఎక్కడున్నాయో చూసుకో” అన్నాడు.

సెప్టెంబరు చివరి శనివారం వెళ్లాం. అసలైన అడవి గోడకు ఆనుకుని ఉంది. అది సైనిక ప్రాంతం కాబట్టి మమ్మల్ని ఊరికి పడమర వైపు తీసుకెళ్లారు. వరసల్లో నాటిన పైన్ మొక్కలు, కింద ఇసుక. అక్కడ పుట్టగొడుగు కాదు కదా, నాచు కూడా మొలవదు. చిన్నప్పటి నుంచీ ఆ ఊళ్లో ఉన్న ఎవరినడిగినా చెప్పేవాళ్లు. ఎవరినీ అడగలేదు.

మిత్రుల బస్సు వచ్చింది. ముందు మేజర్ దిగాడు. తర్వాత ఆడవాళ్లు దిగారు, ఒకరి వెనక ఒకరు, ఎత్తు మడమల జోళ్లు, జుట్టు చెదరకుండా స్ప్రే. వాళ్లకు అడవికని చెప్పారో, నాటకానికని చెప్పారో! గెర్లిండ రబ్బరు బూట్లతో, చేతిలో బుట్టతో బస్సు మెట్ల దగ్గరే నిలబడింది. ఆఖరి మనిషి కూడా దిగింది. డ్రైవరు తలుపు వేశాడు.

“రిమ్మా ఏది?” అని ఆమె ఆ ఆఖరి ఆవిడను అడిగింది.

ఆవిడ మేజర్ వైపు చూసింది. “తలనొప్పి,” అంది.

కొట్టుకు రిమ్మాతో కూడా వచ్చే రెండో ఆవిడే ఆమె. గెర్లిండ మళ్లీ ఏదో అడగబోయేసరికి బ్యాండు మొదలైంది.

ఉపన్యాసాలు విన్నాం. తర్వాత బుట్టలు పట్టుకుని ఇసుకలో తిరిగాం. ఆడవాళ్ల మడమలు దిగబడిపోతున్నాయి, పాపం, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. సైనికుల వంటవాడు పెద్ద గుండిగలో జావ వండాడు. ఆ రోజు మొత్తానికి నిజమైనది ఆ జావ ఒక్కటే, వెన్న తేలుతూ చాలా బాగుంది. పత్రిక ఫోటోగ్రాఫరుకు బుట్టలో పుట్టగొడుగులు కావాలి. ఒక్కటీ దొరకలేదు. టాయ్‌బ్నర్ ఇది ముందే ఊహించినట్టున్నాడు. కారు డిక్కీలోంచి ఒక పెట్టె దించాడు. కూరగాయల సహకార క్షేత్రంలో చీకటి గదుల్లో పెంచే తెల్లటి గుండీ పుట్టగొడుగులు. వాటిని గెర్లిండ బుట్టలో పోసి, ఆమె పక్కన ఆ రెండో ఆవిడను నిలబెట్టారు.

“నవ్వండి, ఫ్రౌ మాట్హెస్.”

“వీటిని నేను ఏరలేదు.”

“ఫోటోలో తెలియదండీ.”

“నాకు తెలుస్తుంది.”

“ఒక్క క్షణం నవ్వండి, అందరూ మీకోసం నిలబడ్డారు,” అన్నాడు టాయ్‌బ్నర్, బతిమాలుతున్నట్టు. ఆయన నుదుటి మీద చెమట. ఆమె నవ్వలేదు. పత్రికలో ఆ ఫోటో కింద ‘అడవి సంపద ముందు ఆలోచనలో మునిగిన మిత్రులు’ అని వేశారు.

సోమవారం పని అయ్యాక గెర్లిండ నేరుగా గోడ దగ్గరికి వెళ్లింది. నేను వద్దన్నాను. కాపలా ఉన్న కుర్రాడికి మీసాలు కూడా సరిగా రాలేదట. ఆమె రష్యన్‌లో “శుభ సాయంత్రం. నేను మైత్రీ సంఘం అధ్యక్షురాలిని. నా స్నేహితురాలికి తలనొప్పిగా ఉందట, చూడాలని వచ్చాను,” అని చెప్పింది. ఆ కుర్రాడు గాభరాపడి లోపలికి ఫోన్ చేశాడు. ఒక ఆఫీసరు వచ్చి, చాలా మర్యాదగా, అలాంటి పేరుగల వారెవరూ ఇక్కడ లేరని చెప్పాడు.

“మూడో బ్లాకు, రెండో అంతస్తు,” అంది గెర్లిండ.

ఆయన మర్యాద ఆ క్షణంలోనే ఆవిరైపోయింది. ఇంటికి వెళ్లమన్నాడు.

మర్నాడు మిషను దగ్గర ఆమె మేజోళ్లను జతలకు జతలు పాడుచేసింది. “ఒక్క మాట చెప్పు జిగ్రూన్. ఇప్పుడే చెప్పు. నేను తప్పు చేస్తున్నానా?”

“తప్పు కాదు. కానీ గోడకు తల బాదుకుంటున్నావు.”

“గోడ కట్టినవాళ్లే నన్ను అధ్యక్షురాలిని చేసి స్నేహం చెయ్యమన్నారు కదే!”

మా దేశంలో పౌరుడు విన్నపం రాస్తే ఎంతటి ఆఫీసైనా నెలలోగా జవాబివ్వాలి. అది చట్టం. ఇంటి పైకప్పు కారుతోందనీ, కారు టైర్లు దొరకడం లేదనీ అందరూ రాసేవాళ్లు. గెర్లిండ రాసింది తన స్నేహితురాలి గురించి. మైత్రీ సంఘంలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాననీ, తనకు ఒక్క సోవియట్ మహిళతో స్నేహం కలిసిందనీ, ఆమెతో ఒక్క పూట అడవికి వెళ్లనివ్వడానికి ఏ చట్టం అడ్డొస్తోందో చెప్పమనీ రాసింది. ఫోల్క్‌మార్ చదివి, “పంపకు,” అన్నాడు. ఆమె పోస్టులో వేసి వచ్చాక ఆయనకు చెప్పింది.

జవాబు కాగితంగా రాలేదు. అక్టోబరు చివర్లో టాయ్‌బ్నర్, అతని వెంట బూడిదరంగు కోటు వేసుకున్న ఇంకొకాయన మా ఫ్యాక్టరీకి వచ్చారు. రెండో ఆయన పేరు చెప్పలేదు. గెర్లిండను సిబ్బంది ఆఫీసుకు పిలిచారు. గంటకు పైగా ఆమె మిషను ఖాళీగా ఉంది. తిరిగొచ్చి మిషను దగ్గరే నిలబడింది.

“వాళ్లేం తిట్టలేదు. కాఫీ ఇచ్చారు. నా ఉత్సాహాన్ని మెచ్చుకున్నారు,” అంది.

“మరి?”

“ఆ రెండో ఆయన ఒక్కటే అడిగాడు. ఆవిడ ఏ బ్లాకులో ఉంటుందో మీకెలా తెలుసు అని.”

“నువ్వేమన్నావు?”

“ఆమే చెప్పింది అన్నాను.” కుర్చీ మీద కూలబడింది. “అబద్ధమాడాలని కూడా తట్టలేదు జిగ్రూన్. ఇందులో దాచాల్సిందేముంది అనుకున్నాను. ఆయన రాసుకున్నాడు. అది రాసుకుంటున్నప్పుడు నాకు అర్థమైంది.”

నేను ఏదో సర్దిచెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

ఆ తర్వాత మిత్రుల కొట్లో రిమ్మా కనిపించలేదు. గెర్లిండ రోజూ వెళ్లి, అక్కర్లేని మిఠాయిలు కొనుక్కొచ్చి మాకు పంచేది. నవంబరులో ఒక సాయంత్రం ఫోల్క్‌మార్ యార్డు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా చెప్పాడట: “మిత్రుల సామాన్ల పెట్టెలు ఎక్కిస్తున్నారు. రెండు కుటుంబాలవి. ఆడవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. ఒకావిడకు బంగారు పన్ను ఉంది.” చెప్పాలా వద్దా అని దారి పొడవునా కొట్టుకున్నాడట పాపం. చెప్పకుండా ఉండలేకపోయాడు.

గెర్లిండ మా ఇంటికొచ్చి తలుపు బాదింది. ఇద్దరం సైకిళ్ల మీద వెళ్లాం. వాన తుంపర పడుతోంది. యార్డు చివర ఇనుప తీగల కంచె, అవతల ఒక గూడ్సు పెట్టె, సైనికులు చెక్కపెట్టెలు మోస్తున్నారు. రిమ్మా తలకు గుడ్డ కట్టుకుని, ఒక పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని, సామాన్లు లెక్క చూసుకుంటోంది.

“రిమ్మా!”

ఆమె తిరిగింది. ముందు ఎవరో తెలియలేదు. తెలిశాక గబగబా కంచె దగ్గరికి వచ్చింది. నవ్వలేదు.

“ఎందుకు రాశావు?” అంది. అంత రష్యన్ నాకూ అర్థమైంది, మిగతాది గెర్లిండ తర్వాత చెప్పింది.

“నిన్ను అడవికి తీసుకెళ్దామని.”

“నేను వెళ్లాను కదా! ఒంటరిగా వెళ్లాను, ఎవరికీ చెప్పలేదు. గోడలో ఒక కన్నం ఉంది, అందరం వెళ్తాం. సెలవడిగి ఎవరు వెళ్తారు? నువ్వు కాగితం రాశావు. కాగితం వచ్చాక, మీ ఆవిడ జర్మన్లకు ఇంటి గుర్తులు ఎందుకు చెప్పిందని గెన్నాదిని నిలదీశారు. ఇంకా ఏడాదిన్నర ఉండాల్సినవాళ్లం. పిల్లాడి బడి మధ్యలో ఆపేశాం. వాళ్లు మమ్మల్ని ఎక్కడికి పంపుతున్నారో తెలుసా? మంచుగడ్డల మధ్యకు.”

గెర్లిండ కంచె పట్టుకుని నిలబడిపోయింది. “నాకు తెలియదు. రిమ్మా, నాకు తెలియదు. మంచిదనుకున్నాను. అడిగి చెయ్యాలనుకున్నాను.”

రిమ్మా ఆమె వేళ్ల వైపు చూసింది. తన చేతిని ఎత్తింది. కంచె మీద వేస్తుందేమో అనుకున్నాను. అంతలో వెనక నుంచి ఒక ఆఫీసరు ఏదో అరుస్తూ ఇటు రాసాగాడు. రిమ్మా చెయ్యి దించేసుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి, గట్టిగా, ఆయనకు కూడా వినపడేలా అంది:

“మీరు వెళ్లండి. ఇక్కడికి రాకూడదు మీరు.”

తిరిగి వచ్చేటప్పుడు గెర్లిండ సైకిలు ఎక్కలేదు. తోసుకుంటూ నడిచింది. చాలా దూరం పోయాక అంది: “‘మీరు’ అంది.”

“వాడు వస్తున్నాడు కదే, అందుకని అంది.”

“అందుకేనా? కోపం వచ్చి అందా?”

“వాడు వినాలని అంది.”

“నీకెలా తెలుసు?”

నాకు తెలియదు. ఆమె ఆ ప్రశ్న నన్ను ఆ చలికాలంలో ఎన్నిసార్లు అడిగిందో. మిషను దగ్గర, క్యాంటీన్ వరసలో, ఒకసారి బాత్రూములో చేతులు కడుక్కుంటూ. ప్రతిసారీ నేను ఒకే జవాబు చెప్పాను, ప్రతిసారీ ఆమె నమ్మలేదు.

జనవరిలో మా శాఖ వార్షిక సమావేశం జరిగింది. టాయ్‌బ్నర్ వచ్చాడు. పుట్టగొడుగుల మైత్రీ దినాన్ని జిల్లా మొత్తానికీ ఆదర్శ కార్యక్రమంగా ఎంచారట. ప్రశంసాపత్రం తెచ్చాడు. చప్పట్లు కొట్టాం. గెర్లిండ లేచి దాన్ని అందుకోలేదు. ఉన్నచోటే నిలబడి మాట్లాడింది.

“ఇంతకాలం ఈ సంఘంలో ఉండి నేను సంపాదించింది ఒక్క స్నేహితురాలిని. ఆమెను కూడా ఈ సంఘమే ఊరు దాటించింది. నేనే అందుకు కాగితం అందించాను. ఈ పత్రం నాకు వద్దు. అధ్యక్షత వద్దు. ఇంకెవరినైనా పెట్టుకోండి.”

సమావేశం వివరాలు రాసుకుంటున్న అమ్మాయి టాయ్‌బ్నర్ వైపు చూసింది. “అది రాయనక్కర్లేదు,” అన్నాడాయన నెమ్మదిగా. “ఫ్రౌ మాట్హెస్ అలసిపోయారు. మనం ఎన్నికకు వెళ్దాం. అభ్యర్థులెవరు?”

ఎవరూ పలకలేదు. ఇస్త్రీ విభాగంలో పనిచేసే మార్గిట్, మా అందరిలోకీ నోరున్న మనిషి, వెనక్కి తిరిగి గెర్లిండతో అంది: “ఏమే, అధ్యక్షురాలు లేకపోతే శాఖ లేనట్టే. శాఖ లేకపోతే ఈ ఏడు మన బ్రిగేడుకు బిరుదు రాదు. బిరుదు రాకపోతే బోనసూ లేదు, సముద్రం దగ్గరికి బస్సూ లేదు. నీ స్నేహితురాలు పోయినందుకు మేమేం చేశాం?”

“అయితే నువ్వుండు.”

“నాకు ముగ్గురు పిల్లలు. పైగా నాకు రష్యన్ రాదు.”

“నేర్చుకో.”

“నువ్వు నేర్చుకుని ఏం బావుకున్నావు?”

ఒకరిద్దరు నవ్వారు. గెర్లిండ నా వైపు చూసింది. నేనుంటానని అనాలని ఆమె ఆశ, నాకు అర్థమైంది. నేను నేలచూపులు చూశాను. ఆ ఆకుపచ్చ గోడ దగ్గరికి, ఆ బూడిదరంగు కోటు దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు లేదు.

“ఫ్రౌ మాట్హెస్‌ను కొనసాగించడానికి అనుకూలంగా ఉన్నవారు?” అని టాయ్‌బ్నర్ అడిగాడు.

చేతులు లేచాయి. నాదీ లేచింది.

“వ్యతిరేకులు?”

గెర్లిండ ఒక్కతే చెయ్యి ఎత్తింది. ఆ పొడవాటి చెయ్యిని భుజం నుంచి పూర్తిగా చాపి, దించకుండా అలాగే ఉంచింది.

“ఒక్కరు,” అన్నాడు టాయ్‌బ్నర్. “అత్యధిక మెజారిటీతో ఎన్నికయ్యారు. అభినందనలు.”

“నేను రాజీనామా చేస్తున్నాను.”

“మైత్రీ సంఘంలో రాజీనామాకు పద్ధతి లేదండీ. ప్రాంతం మారితే వీలవుతుంది, లేదా ఆరోగ్య కారణం.” ఆయన గొంతులో కోపం లేదు. ఇంటికి వెళ్లాలన్న తొందర ఉంది, అంతే. ఫైలు విప్పాడు. “ఇంక ఈ ఏటి ప్రణాళిక. ఫ్రౌ మాట్హెస్, మీ ప్రతిపాదన?”

ఆమె చెయ్యి అప్పటికి కూడా పైనే ఉంది. నేను కింద నుంచి ఆమె గౌను అంచు పట్టి లాగాను.

“నాకే ప్రతిపాదనా లేదు,” అంది. “నన్ను వదిలిపెట్టండి.”

టాయ్‌బ్నర్ పెన్ను తీశాడు. తర్వాత తనే రాసుకుంటూ, రాసినది పైకి చదివాడు: “పుట్టగొడుగుల మైత్రీ దినం. రెండవ సంవత్సరం. సెప్టెంబరు.”

మార్గిట్ గోడ గడియారం చూసుకుంది. జనం కుర్చీలు వెనక్కి జరిపి కోట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. గెర్లిండ చెయ్యి దించి, ఆ ప్రశంసాపత్రాన్ని బల్ల మీదే వదిలేసి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే పరుగెత్తాను. ఆమె ఆగలేదు. మర్నాడు నాతో మాట్లాడలేదు, ఆ మరునాడు కూడా లేదు. మూడోరోజు దారం తెగి నా మిషను ఆగిపోతే, తన దగ్గరున్న కండె నా వైపు తోసింది.

“చెయ్యెందుకెత్తావు?” అంది, తలెత్తకుండా.

“అందరూ ఎత్తారు గెర్లిండా.”

ఆమె తన మిషను వైపు తిరిగింది. సెప్టెంబరులో మళ్లీ బస్సులొచ్చాయి.